సూదులిచ్చే కూతురు

మెట్టుగూడ, సికింద్రాబాద్
12-8-2004

కోపంగా ఉన్న మా అమ్మకి,

ఫోన్ పెట్టేశావు కాబట్టి రాస్తున్నాను. సారా కొట్టు మూయించినదాని కూతురివై ఉండి, మత్తుమందు వాళ్లకి సూదులిమ్మని నర్సులకి నేర్పుతావా, ఆ ఉద్యోగం మానేదాకా నా మొహం చూడకు అన్నావు. మానను. ఇంకోసారి రాస్తున్నాను, మానను.

ఇక్కడ మత్తు ఎక్కించుకునేవాళ్లు ఒకరి సూది ఒకరు వాడుకుని హెచ్ఐవి తెచ్చుకుంటున్నారమ్మా. ఆస్పత్రికొస్తే మా నర్సులు మంచినీళ్లివ్వడానికి కూడా రెండేసి గ్లౌజులు తొడుక్కునేవాళ్లు. కసిరితే ఆ మనిషి మళ్లీ రాడు. ఇంటికెళ్లి పెళ్లానికీ అంటిస్తాడు. అందుకే ముందు శుభ్రమైన సూది ఇవ్వండి, మాన్పించే మాట మెల్లగా ఎత్తండి అని చెప్తాను. మొదటిరోజే సువార్త అనే నర్సు లేచి, "గిట్ల మనమే సూదులిస్తే ఇంకింత పొడుచుకుంటరు గద మేడమ్" అంది. అచ్చం నువ్వే. ఒళ్లు మండిపోయింది నాకు. ముందు బతకనిద్దాం తల్లీ, చచ్చినవాడి చేత ఏం మాన్పిస్తాం అన్నాను. ఇప్పుడు ఆ సువార్తే వాళ్ల పక్కన కూర్చుని పుండ్లు కడుగుతోంది. పక్కింటి కామాక్షిగారు మాత్రం, ఊరంతా అమీర్‌పేటలో కంప్యూటర్లు నేర్చుకుంటుంటే నీకీ రోగాల గోలేంటమ్మా అని రోజూ జాలిపడుతుంది. పడనీ.

ఎప్పుడూ అనని మాట ఒకటి అంటాను. నాన్న తాగొస్తే నువ్వు తలుపేసేదానివి. అరుగు మీదే పోయాడు నాన్న. తప్పు నీదని అనను. కానీ ఆ తలుపు నేను వెయ్యను. నువ్వు మాట్లాడకపోయినా సరే.

నీ కూతురు
లోవలక్ష్మి


తుని
25-8-2004

మొండి పిల్లా,

మీ నాన్న మాట ఎత్తావు. రెండ్రోజులు ముద్ద దిగలేదు. తలుపేసినందుకు ఏడుస్తాను గానీ, సారా మీద కొట్లాడినందుకు మాత్రం ఏడవను. నీ సూదుల సంగతి ఇంకా మింగుడు పడట్లేదు నాకు.

నాతో కలిసి సారా ప్యాకెట్లు తగలబెట్టిన ప్రేమమణి లేదూ, దాని కొడుకు కల్యాణ్‌కి నువ్వు రాసిన ఆ సూదుల అలవాటే, ఆ రోగమే. ప్రైవేటాస్పత్రికి తీసుకెళ్తే వరండాలో పడేశారు, ఎవ్వరూ ముట్టుకోలేదు. దేవి అనే నర్సుని జబ్బ పట్టుకుని అడిగాను. "భయవండీ, మాకెవరు నేర్పారు?" అని ఏడ్చింది.

ఆదివారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కల్యాణ్‌ని తీసుకొస్తున్నాను. దేవిని కూడా. నేర్పి పంపు.

మీ అమ్మ
గంగాదేవి