లక్సెంబర్గ్‌లో చెత్తడ్రమ్ము దగ్గర ఎవరుంటారు

శుక్రవారం రాత్రి

కువైట్‌లో ఇంటిపని చేసే నా బిడ్డ రెడ్డెమ్మను వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, వచ్చే నెల లక్సెంబర్గ్ తీసుకుపోతుందట. అక్కడ ఆమె భర్తకు రెండేళ్ళ ఉద్యోగం. ఆ పేరే నేనెప్పుడూ వినలేదు. నేను వంట చేసే ఇంజనీరు గారి అమ్మాయిని అడిగితే ఫోన్‌లో చూసి చెప్పింది.

"చిన్న దేశం పెద్దమ్మా, కువైట్‌లో ఏడో వంతు ఉంటుందేమో. మూడు భాషలు. ఇళ్ళల్లో వాళ్ళ భాష, బడిలో జర్మన్, చట్టాలేమో ఫ్రెంచ్. బస్సుల్లో టికెట్టే కొననక్కర్లేదు. మీ అమ్మాయి లక్కీ!"

బస్సెక్కనిస్తే కదా. పోయినేడు ఆ మామా నా బిడ్డను కొట్టి గదిలో పెట్టి తాళం వేసింది. సాయంత్రం చెత్త పారేయడానికి డ్రమ్ము దగ్గరికొచ్చిన పక్కింట్లో పనిచేసే రాజంపేట పిల్లకు రెడ్డెమ్మ కిటికీలోంచి చెప్పుకుంది. ఆ పిల్ల ఫోన్ చేస్తేనే నాకు తెలిసింది. ఆ కొత్త దేశంలో డ్రమ్ము దగ్గర తెలుగు పిల్ల ఎవరుంటుంది?

పోవద్దే అన్నాను. "పోకుంటే ఇఖామా క్యాన్సిల్ చేస్తాదంట మా. ఊర్లో యేం తిందాం?" అంది. ఇఖామా కాగితం లేకుంటే కువైట్‌లో ఉండనివ్వరు.

అందుకే "కాపాడండి" అనే మాటను మూడు భాషల్లోనూ ఇంజనీరు గారి అమ్మాయి చేత తెలుగు అక్షరాల్లో రాయించుకున్నాను. ఇందాక ఫోన్‌లో రెడ్డెమ్మతో పలికించాను.

"నగిపిచ్చొద్దు మా! ఇప్పుడు నాకు బడి పెట్టినావా?"

ఫ్రెంచ్‌ది వచ్చింది. జర్మన్‌ది రెండుసార్లు తప్పి వచ్చింది. అంతలో వెనక మామా కేక వినబడింది, ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మిగిలింది మూడోది, అక్కడి ఇళ్ళల్లో మాట్లాడే భాషది. పక్కింటి తలుపు తీయించే మాట అదే.