రెండు వేళ్ళ గుడ్డ

పొడుగుకి,

ఇంకా అభిమానం చావనందుకు నన్ను నేనే తిట్టుకుంటూ రాస్తున్నాను.

నువ్వు వెళ్ళి ఇరవై రెండు రోజులైంది. చెప్పాపెట్టకుండా చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయావని గుండీలు అమ్మే అతను చెబితే తెలిసింది. నాకు చెప్పాల్సిన సంగతి గుండీల అతనికి చెప్పావు. ఒకటో తరగతిలో నా పలక పగలగొట్టి, ఆ నేరం నా మీదే పెట్టి, మధ్యాహ్నానికి ఏమీ ఎరగనట్టు నా పక్కనే వచ్చి కూర్చున్నదానివి. నీ నుంచి ఇంతకన్నా ఏం ఆశించాలి?

తప్పెవరిదో ఇప్పుడే తేల్చుకుందాం. మన దుకాణం పద్ధతి నువ్వు పెట్టిందే. మనిషి ఒళ్ళు ఎప్పుడూ ఒక్కలా ఉండదు, ఎవరి బట్టయినా కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదలాలి అన్నావు. ముప్పై ఒక్కేళ్ళు నువ్వు కత్తిరించావు, నేను కుట్టాను. ఏనాడూ నీ కత్తిరింపుని టేపు పెట్టి సరిచూసుకోలేదు. అదే నా బుద్ధితక్కువ. హెడ్మిస్ట్రెస్ గారు కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, కోటు చేతులు మణికట్టుకి జానెడు పైనే ఆగిపోయాయి. లోపల విప్పి పొడుగు చేద్దామంటే దారప్పోగంత గుడ్డ లేదు. అంత ఖరీదైన ఉన్ని గుడ్డ! అందరి ముందూ అరిచాను. “కళ్ళు పోయాయా, చేతులు పడిపోయాయా” అన్నాను. అన్నాను, కాదనను. దానికి నువ్వు, “ముప్పై ఏళ్ళుగా నీ వంకర కుట్లు కప్పిపుచ్చుకుంటూ వస్తున్నానే” అని, పెద్ద కత్తెర సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయావు. వంకర కుట్లా? నావా? ఆ మాట నా పాడె మీద కూడా మర్చిపోను.

కత్తెర వెంటనే పంపు. అది ఇద్దరం కలిసి కొన్నది. కత్తిరించడానికి వేరే మనిషిని మాట్లాడాను. ఆవిడ నోరు విప్పదట, ఆ ఒక్క గుణం చాలు నాకు. నువ్వు తిరిగి రానక్కర్లేదు.

పొట్టి

*

పొట్టికి,

నీ తిట్లు అందాయి. అక్షరాలు కూడా నీలాగే గింజుకుంటున్నాయి.

కత్తెర పంపను. కొత్త మనిషిని పెట్టుకో, నోరులేనిది దొరికితే నీకు పండగే. హెడ్మిస్ట్రెస్ గారి కోటు మాత్రం కోపంలో పీకి పారెయ్యకు. నా నమూనా కాగితాల చుట్ట బల్ల కింద ఉంది. అవతల పడేసే ముందు ఒకసారి విప్పి చూడు. ఇంతకుమించి మన మధ్య మాటలొద్దు. ఇక్కడికి రాకు. వచ్చినా తలుపు తియ్యను.

పొడుగు

*

ఒసేయ్ అబద్ధాలకోరూ,

నీ కాగితాల చుట్ట ముట్టుకోలేదు. బల్ల కింద దుమ్ములోనే పడి ఉంది. కానీ నువ్వు దుకాణంలో తొడుక్కునే బూడిదరంగు అంగీ మేకుకి వేలాడుతూ కళ్ళలో పొడుస్తుంటే, చింపి మిషను తుడుచుకుందామని తిరగేశాను. పక్క కుట్టు లోపల ఒకటి కాదు, ఐదు వరసలున్నాయి. అన్నీ వంకరే, కాబట్టి నువ్వు వేసినవే. రెండు వేళ్ళ గుడ్డ ఉండాల్సిన చోట అరచేయంత గుడ్డ ముడుచుకుని ఉంది. టేపు పెట్టాను. నడుము ఏడంగుళాలు తగ్గింది.

బజారులో పోయే మనిషిని చూసి నడుము కొలత చెప్పగలను నేను. రోజూ ఎదురుగా నిలబడ్డ నీలో మాత్రం ఏమీ కనిపెట్టలేకపోయాను. బట్ట ఒంటికి అతికినట్టుంటే మనిషి బాగున్నట్టే అనుకునే వృత్తి మనది. అది నీకు బాగా తెలుసు. ఏడాదిగా నాకన్నా గంట ముందొచ్చి దుకాణం తెరుస్తుంటే శ్రద్ధ అనుకున్నాను. నా మిషను మీద, నా దారంతో, నా కళ్ళు కప్పడానికి కుట్టుకుంటున్నావన్నమాట.

మీ చెల్లికి ఫోన్ చేశాను. ఏడుస్తూ మొత్తం చెప్పింది. కడుపులో గడ్డట, ఇక చెయ్యగలిగిందేమీ లేదన్నారట. బంధువుల పెళ్ళని వెళ్ళిన వారం నువ్వు ఆస్పత్రి మంచం మీద ఉన్నావట. భోజనాలెలా ఉన్నాయని నేనడిగితే “కూరల్లో ఉప్పు తక్కువ” అన్నావు, పాపిష్టిదానా! నిన్ను క్షమించను. “చేతులు పడిపోయాయా” అన్న మాట నేను వెనక్కి తీసుకునే దారి లేకుండా చేశావు. అందుకు అసలే క్షమించను.

ఈ ఉత్తరం అందిన మర్నాడే నేను దిగుతాను. తలుపు తియ్యకపోతే వీధిలో నిలబడి నీ చిన్నప్పటి సంగతులన్నీ అరుస్తాను. నా గొంతు నీకు తెలుసు.

పొట్టి

*

నా పొడుగూ,

ఇది ఎక్కడికి పంపాలో తెలియదు. రాయకపోతే నీతో పోట్లాట సగంలో ఆగిపోయినట్టుంది.

పదహారు రోజులు నీ మంచం పక్కన కూర్చున్నాను. పదహారు రోజులూ పోట్లాడుకున్నాం. దిండు ఎత్తు పెట్టానని తిట్టావు, కిటికీ మూశానని తిట్టావు. ఎందుకు దాచావే అంటే, “చెప్తే దుకాణం మూసేసి నా మంచం పట్టుకుని కూర్చుంటావు. మీ అమ్మ మంచాన పడ్డప్పుడు రెండేళ్ళు మూశావు, మళ్ళీ తెరవడానికి ఎంత చచ్చామో మర్చిపోయావా? కుట్టకపోతే నువ్వు మనిషివి కావే. కోపమొస్తే మాత్రం రెట్టింపు కుడతావు” అన్నావు. “చెయ్యి వణికిందని ఆ రోజే చెప్పుంటే అరిచేదాన్ని కాదు కదే” అన్నాను. “నా చెయ్యా? వణికిందా?” అని, పక్కగదిలోంచి మీ చెల్లెలు పరిగెత్తుకొచ్చేలా నవ్వావు. ఆ నవ్వెందుకో చెప్పకుండానే, ఆ తర్వాత మూడో రోజు వెళ్ళిపోయావు. కత్తెర నీ దిండు కింద దొరికింది.

నిన్న హెడ్మిస్ట్రెస్ గారొచ్చారు. శుక్రవారం పదవీ విరమణ సభ, కోటు సంగతేమైందని అడిగారు. ఆవిడ వెళ్ళాక నీ కాగితాల చుట్ట బయటికి లాగాను. మధ్యలో అదే ఉన్ని గుడ్డ, రెండు కోటు చేతులు. సుద్ద గీతలు కూడా చెరగలేదు. టేపు పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. వాటికి సూదితో గుచ్చిన చీటీ ఉంది. “ఖరీదైన గుడ్డ పాడుచేసే చెయ్యి కాదే ఇది. ఆ పొట్టి కోటు చేతులు మిగులు ముక్కల్లోంచి తీశాను. నువ్వు నన్ను వెళ్ళగొట్టాలంటే వేరే దారి తోచలేదు. వాటిని విప్పేసి ఇవి కుట్టు. వంకర పోనివ్వకు.”

అంటే నా నోటి నుంచి ఏ మాట వస్తుందో కూడా ముందే కొలిచి కత్తిరించావు. ఎంత పొగరే నీకు! నన్ను వదిలించుకోవడానికి అంత కష్టపడ్డావు. నేను ఆ చుట్ట నీ ఉత్తరం అందిన రోజే విప్పి ఉంటే మనకి ఇంకో వారం మిగిలేది. ఆ వారం గురించి నిన్ను తిట్టాలో నన్ను తిట్టుకోవాలో ఇంకా తేలలేదు.

ఈ పొద్దున కోటు పూర్తిచేశాను. కొత్త చేతుల్లో రెండు వేళ్ళ గుడ్డ వదిలే ఉంచావు. ఎడమ భుజం దగ్గర నా కుట్టు వంకరపోయింది, ముప్పై ఒక్కేళ్ళలో మొదటిసారి. హెడ్మిస్ట్రెస్ గారికి కనపడదు. నువ్వుంటే గుమ్మంలోంచే కనిపెట్టి, విప్పి మళ్ళీ కుట్టమనేదానివి.

విప్పను. చేతనైతే వచ్చి తిట్టు.

నీ పొట్టి