మొదటి చేప ముళ్ళు ఇప్పించమని, మిల్లు పీపాలు తీయించమని

అయ్యా,

తీర కాలుష్య విభాగం అధికారి గారికి, కెనడాలోని వాంకూవర్ దీవి తూర్పు ఒడ్డున ఉండే సాలిష్ ఆదివాసి, చేపల వేటగాడు డెల్బర్ట్ హ్యారీ, వయసు యాభై నాలుగు, చేసుకుంటున్న మనవి.

విషయం: మా చేప ముళ్ళు మీ ఆఫీసు ఫ్రీజర్‌లోనూ, మిల్లు పీపాలు సముద్రం ఒడ్డునూ ఉండిపోవడం గురించి.

1. ఏటా మొదట పడ్డ చినూక్ సాల్మన్ చేపని ఊరంతా పంచుకు తిని, ముళ్ళు ఏరి మళ్ళీ సముద్రంలో వదుల్తాం. మర్యాదగా సాగనంపితే అది వెళ్ళి తనవాళ్ళని తీసుకొస్తుంది. ఈసారి చేప పడ్డ రోజే ఓ ముక్క పరీక్షకి పట్టుకెళ్ళిన మీ ఇన్‌స్పెక్టరమ్మ, సరిగ్గా ముళ్ళు వదిలే వేళకి కాగితంతో దిగింది.

"వీటిల్లో విషముంది. నీళ్ళలో కలపడం నేరం."

మా వెర్నా అత్తకి ఎనభై దాటాయి. పళ్ళెం కింద పెట్టకుండానే అడిగింది: "మొన్నటిదాకా ఆ చేప ఎక్కడుందనుకున్నావు తల్లీ?"

"సముద్రంలోనే."

"లైసెన్సుందా దానికి?"

"నన్నేం చెయ్యమంటారు మామ్మా, రూలు!" అని నవ్వాపుకుంటూ ముళ్ళు సంచీలో కట్టి పట్టుకుపోయింది. వాటి పక్కనే మీవాళ్ళు టిఫిన్ డబ్బాలు పెట్టుకుంటున్నారని విన్నాం. జాగ్రత్త.

2. ఆ విషం మూతపడ్డ కలప కోత మిల్లు వెనక ఉన్న పదకొండు పీపాల్లోది. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనె. తుప్పు పట్టి కారుతోంది. ఇదివరకు పెట్టిన అర్జీలకి "పరిశీలనలో ఉన్నది" అని జవాబొచ్చింది. పరిశీలించే మనిషే రాలేదు.

3. ఈ చేప నెలకి రెండుసార్లకి మించి తినొద్దని రేవులో బోర్డు పెట్టారు. మేం చదువుకున్నవాళ్ళం, తగ్గించాం. అలల కింద ఉండే మా చుట్టాలు, అంటే ఓర్కా తిమింగలాలు, చదువుకోలేదు. దొరికితే ఒక్కోటి రోజుకి ఇరవై లాగిస్తుంది. కాబట్టి నీళ్ళ కింద కూడా ఓ బోర్డు పెట్టించి, బదులు ఏం తినాలో దాని మీదే రాయించగలరు. సీల్ జంతువు మాంసం అని మాత్రం రాయకండి, మా వైపు ఓర్కాలు చేప తప్ప ముట్టవు. తిండి దగ్గర మా ఇంటివాళ్ళ పోలికే.

4. ఇది మాత్రం నవ్వులాట కాదు. ఓ ఆడ ఓర్కా చలికాలంలో తొలిచూలు ఈనింది. చేపలు చాలక తల్లి చిక్కి, తల వెనక గుంట పడింది. తిండి లేనప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి, అందులో దాగిన విషం పాలల్లోకి దిగుతుందట. తొలిబిడ్డకే ఎక్కువట. నా పడవ అంచున కూచుని ఇన్‌స్పెక్టరమ్మే చెప్పింది.

కనుక వానలు పడి ఆ నూనె అంతా సముద్రంలో కలవకముందే పీపాలు తీయించాలి. మా ముళ్ళు మాకిప్పించాలి. ముందేది చేస్తారో తమ ఇష్టం.

చిత్తగించి, ఆ పైన కుర్చీలోంచి లేవవలెను.

తమ విధేయుడు (పీపాల విషయంలో తప్ప),
డెల్బర్ట్ హ్యారీ

తా.క.: ఇవాళ పొద్దున పిల్ల కనబడింది, తల్లి పక్కనే. ఏడాది నిండితేగానీ తిమింగలాల లెక్క రాసేవాళ్ళు దానికి పేరు పెట్టరు, ఈలోపే చాలా పిల్లలు పోతాయి గనక. ఆ రోజుకి విందు చేద్దామంటోంది అత్త. జరిగింది గుర్తుపెట్టుకుని పదిమందికీ చెప్పడానికి మా విందులకి సాక్షుల్ని పిలవడం ఆనవాయితీ. తమ పేరే మొదట రాయమంది. ఆ పిల్ల అప్పటిదాకా ఉంటుందో లేదో, ఇప్పట్నించే ఆయన్ని పిలవడమెందుకు అన్నాను.

"రాయరా. బిడ్డ లేకపోయినా సాక్షి కావాలిగా" అంది.