తిరగేసి అడిగితే

జనగామ, ఆదివారం

నా బంగారు ఆపాకు,

సలాం. ఫోన్‌ల చెప్తే అబ్బా పక్కనుంచి వింటడని ఉత్తరం రాస్తున్న. ఆపా, నా ప్రోగ్రాం పని చేసింది! నేను అరిచిన అరుపుకు మా వేణు సార్ చాయ్ అంగి మీద ఒలకబోసుకున్నడు.

కంప్యూటర్‌కు మూడు మాటలు ఇయ్యాలె, నాలుగోది అది చెప్పాలె. "రాసిన"కు "రాసినం" అయితే "చూసిన"కు ఏంది అని అడిగిన. "చూసినం" అన్నది! దానికి తెలుగు రాదు, అర్థం తెల్వదు. ఉత్త అక్షరాల పోలిక పట్టుకొని చెప్పింది. "చూసిన, చూసినం" జంటను ముందు పెట్టి, తిరగేసి "రాసిన"కు ఏంది అన్నా తడబడలే. ఏ జంట ముందున్నా దానికి ఒక్కటే. నాకైతే ఎగిరి దుంకాలనిపించింది.

గిది చూసే హైదరాబాద్‌ల రీసెర్చ్ సీటు ఇచ్చిన్రు. శుక్రవారం లోపల ఒప్పుకోవాలె. ఆపా, నేను వద్దంటున్న. ఎవ్వరికీ చెప్పకు. అమ్మీ మంచం పట్టినప్పుడు నువ్వు ఇంటర్‌తోనే చదువు బందు పెట్టి అబ్బా టైలర్ దుకాణంల కూసున్నవు. నేనేమో ఎమ్మెస్సీ దాక వచ్చిన. "జబీన్ ఎట్లనో ఇరం గట్లనే" అని అబ్బా ఎప్పుడూ అంటడు గదా, ఇద్దరు బిడ్డలు సమానమని. నీకు దొరకనిది ఇంకా నేనొక్కదాన్నే తింటుంటే గొంతు దిగుతలేదు. పరీక్షలైనంక వచ్చి నీ పక్క మిషన్ మీద కూసుంట.

నీ చెల్లె ఇరం

గార్ల, బుధవారం

ఓ పిచ్చి ఇరం,

చెప్పొద్దన్నవు, చదివిన ఎంబడే అబ్బాకు చెప్పిన. తిట్టుకో పో. కోపానికి కుడుతున్న జాకెట్ కుట్టు వంకర పోయింది. నువ్వు చదువుతుంటే నాకు సంతోషమే, కడుపు మంట కూడ ఉన్నది, అబద్ధమెందుకు? గని నువ్వు మానేస్తే ఆ మంట ఆరుతదా?

అబ్బా అంతా విని మళ్ల గదే మాట అన్నడు. "జబీన్ ఎట్లనో ఇరం గట్లనే." నీ ఉత్తరం నా చేతిలనే ఉండె.

"అబ్బా, జర తిరగేసి అడుగు. ఇరం ఎట్లనో జబీన్ గట్లనే. ఇరం హైదరాబాద్ పోయి చదువుతది. మరి జబీన్?"

జవాబు కూడ నేనే చెప్పిన, మహబూబాబాద్‌ల డిగ్రీల చేరుతనని. అబ్బా కత్తెర కింద పెట్టి బయటికి పోయిండు. అలిగిండేమో అని ఒకటే పరేషాన్ అయిన. జర సేపటికి రెండు బ్యాగులు పట్టుకొచ్చిండు. పెద్దది నీ పేరు చెప్పి పక్కకు పెట్టిండు.

"గీ చిన్నది ఎవలికి అబ్బా?" అంటే, "నీ చెల్లె కంప్యూటర్‌ను అడుగు, చెప్తది" అన్నడు.

అడిగి చెప్పవే. శుక్రవారం లోపల.

నీ ఆపా,
జబీన్