రెండు పగ్గాల గాలిపటం

మరైగూడ,
2025 ఫిబ్రవరి 23, ఆదివారం.

గౌరవనీయులైన సత్యమూర్తి సారు గారికి,

సోడి ఇర్మా చేతులు జోడించి రాసేది. ఇక్కడ నేను, మా ఇంటిది కోసే, రెండు ఎద్దులు, మిగిలిన ఆరు కోళ్ళు బాగున్నాం. కిరందుల్‌లో మీరు, పార్వతమ్మ గారు, కల్యాణమ్మ బాగుండాలి.

నేను ఉత్తరం రాసి చాలా ఏళ్ళయింది. దుమ్ముగూడెం బడిలో ఐదు వరకే చదివాను. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. ఫోను చెయ్యరాదా అని కోసే అంటుంది. ఫోను చెవికి పెట్టుకుంటే నాకు మాట రాదు. కిరందుల్ ఇనుప మైనులో ఇరవై రెండేళ్ళు మీ వెంట నేల కొలిచే సర్వే చైను మోశాను. అప్పుడు కూడా రోజుకు పది మాటలు మాట్లాడి ఉండను.

పోయిన నెల భద్రాచలం పోతూ మీ అమ్మాయి కల్యాణమ్మ మా ఇంటి ముందు కారు ఆపింది. వానాకాలంలో మీకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయిందని చెప్పింది. కర్ర పట్టుకుని గదిలోనే నాలుగడుగులు వేస్తున్నారని, వరండాలోకి కూడా రావడం లేదని చెప్పింది. చాయ్ తాగి పొమ్మన్నాను, అంతే. పోయేముందు కారులోంచి మీ గాలిపటం సంచి తీసి నా చేతికిచ్చింది. ఇర్మాకి ఇచ్చేయి, జొన్నచేను మీద పిట్టల్ని తోలుకుంటాడు, నాకింక దాంతో పనేముంది అని మీరు అన్నారట.

ముందు ఆ సంగతి రాస్తాను. పిట్టలు దానికి బెదరలేదు. గడకి కట్టి చేనులో నిలబెడితే చిలకలు వచ్చి కాసేపు దాన్ని చూసి, తర్వాత గింజలు తిన్నాయి. మా కోళ్ళు మాత్రం బెదిరి అడవిలోకి పోయాయి. మూడు ఇంకా రాలేదు. కోసే ఆ మూడింటి పేరు రోజుకోసారి ఎత్తుతుంది.

కానీ ఆ గడ మీద అది గాలి మింగి దిండులా ఉబ్బడం చూశాక నాకు దాని మీద ధ్యాస పడింది. పుల్లలు లేవు. వట్టి గుడ్డ, అరలు అరలుగా కుట్టింది. విశాఖపట్నం బీచిలో కొన్నానని చెప్పేవారు. కాలనీ గ్రౌండులో మీరు దాని చేత గాల్లో సున్నాలు చుట్టించేవారు. నేను పక్కన కూర్చుని చూసేవాణ్ణి. అది ఎలా మాట వింటుందో అడగాలని అప్పుడే ఉండేది. అడగలేదు.

రెండు దారాలు చూడగానే నాకు అర్థమైపోయిందనుకున్నాను. ఇవి పగ్గాలే కదా. కుడి పగ్గం లాగితే కుడికి, ఎడమ పగ్గం లాగితే ఎడమకి. చిన్నప్పటి నుంచి ఎద్దుల్ని తోలినవాడికి ఒకరు నేర్పాలా? కోత అయిన మా మడిలో కోసే అటు కొసన పటం ఎత్తి పట్టుకుంది. వదలగానే లేచింది. కుడి దారం లాగాను, కుడికి పోయింది. సంబరపడ్డాను. ఇంతలో గాలి పెరిగి పటం గుంజింది.

ఎద్దు గుంజితే ఏం చేస్తాం? పగ్గాలు చేతికి ఒక చుట్టు చుట్టి, మడమలు నేలకి తన్నిపెట్టి, హో హో అంటూ వెనక్కి లాగుతాం. ఎద్దు ఆగుతుంది. నేనూ అదే చేశాను. అది ఎద్దు కాదు సారూ. వెనక్కి లాగేకొద్దీ దానికి ఇంకా బలం వచ్చింది. బోర్లా పడ్డాను. గట్టు దాకా ఈడ్చుకుపోయింది. చేతికి చుట్టిన దారం కుడి అరచేతిని కోసింది. కోసే పసుపు అద్దుతూ, ఏందయ్యా, భూమి సాలలేదా, ఇగ గాలిని గూడ దున్నుతవా అన్నది.

సంచిలో ఉన్న బొమ్మల కాగితం అప్పుడు తీసి చూశాను. ముందే చూడాల్సింది. ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు గానీ బొమ్మలు తెలుస్తాయి. చేతికి దారం చుట్టుకున్న మనిషి మీద ఎర్ర గీత కొట్టి ఉంది. వాడు నాలాగే ఉన్నాడు. మెరుపు ఉన్న మబ్బు మీద గీత. కరెంటు తీగ మీద గీత. పటం కింద నిలబడ్డ పిల్ల మీద గీత. ఒక్క బొమ్మకి మాత్రం గీత లేదు. అందులో మనిషి పటం వైపు నడుస్తున్నాడు. అది ఎందుకో తెలియలేదు. అది గుంజుతుంటే దాని దగ్గరికి పోవడమేంటి?

రెండు రోజులు అదే ఆలోచించాను. మూడో రోజు పటం గుంజినప్పుడు భయపడుతూనే దాని వైపు నాలుగడుగులు వేశాను. చల్లబడింది. చేతిలో బరువే లేదు. ఎద్దు దగ్గర ఆ పని చేస్తే చేను దాటి పోతుంది. ఇది మాత్రం మనం దగ్గరికి పోతే మెత్తబడుతుంది. ఇది మీకు తెలుసు, నాకు కొత్త.

అప్పటి నుంచి రోజూ పొద్దున మడిలోకి పోతున్నాను. నా నడుము చుట్టూ కోసే తువ్వాలు బిగించి కడుతుంది. నవ్వుతూ కడుతుంది. మడికి పడమర కరెంటు తీగ ఉంది. దారాల పొడవు అడుగులతో కొలిచి, తీగకి దానికి మూడింతల దూరంలో మేకు కొట్టాను. ఆ మేకు దాటి అటు పోను. గాలి పోయే వైపు మనిషి గానీ మేక గానీ కనబడితే పటం లేపను. మైనులో మీరు ఇప్పించిన చేతితొడుగు ఒకటి ఇంకా ఉంది. అది వేసుకుంటున్నాను.

ఒక వారం అది ఊరికే ఎడమకి తిరిగి నేలకి కొట్టుకునేది. తప్పు నాదా, పటానిదా తెలియలేదు. చైను ఎండకి సాగుతుందని మీరు రోజూ పొద్దున నేల మీద పరిచి సరిచూసేవారు, గుర్తుందా? రెండు దారాలూ ఒకే మేకుకి తగిలించి లాగి చూశాను. ఎడమ దారం నాలుగు వేళ్ళు పొట్టి. ముడి విప్పి సరిచేశాను. తిన్నగా నిలబడింది. పైన గద్ద ఆగినట్టు ఆగింది. ఆ రోజు అన్నం తినడం కూడా మర్చిపోయాను.

ఒక సంగతి మిమ్మల్ని అడగాలి. ఎదురుగా ఉన్నప్పుడు అది దున్నపోతులా గుంజుతుంది. పక్కకి పోయేకొద్దీ నెమ్మదిస్తుంది. ఒక చోటికి పోయాక ఇక కదలదు. ఎన్నిసార్లు చూసినా కుడివైపు అదే చోటు, ఎడమవైపు అదే చోటు. చేనుకి ఉన్నట్టు గాలికి కూడా గట్లు ఉన్నాయా? ఇంకోటి. రెండు సున్నాలు కొట్టాక దారాలు మెలిపడతాయి. అయినా మాట వింటుంది. మెలిపడిన పగ్గాలతో ఏ ఎద్దూ వినదు. ఇది ఎందుకు వింటుంది?

పదో రోజు మా ఊరి దగ్గర క్యాంపు నుంచి ఇద్దరు జవాన్లు వచ్చారు. బాబా, యే డ్రోన్ హై క్యా అని పెద్దవాడు అడిగాడు. పతంగ్ హై సాబ్ అన్నాను. పతంగుకి రెండు దారాలు ఎందుకని గద్దించాడు. ఎద్దుకి ఎన్ని పగ్గాలు సాబ్ అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. చిన్నవాడు నవ్వాడు. వాడు కూడా ఒకటి అడిగాడు, అది ఇక్కడ అవసరం లేదు. తమ ఊళ్ళో గాజుపొడి పూసిన దారంతో ఎగరేస్తారని, దానికి మనుషుల మెడలు తెగుతాయని చెప్పి, నా దారాన్ని వేళ్ళతో తడిమి చూశాడు. తర్వాత తనూ ఒకసారి పట్టుకుంటానన్నాడు. పట్టుకుని నాకంటే త్వరగా పడేశాడు. పెద్దవాడు, నీకంటే బాబా నయం అని వాణ్ణి వెక్కిరించాడు. రోజూ ముందుగా క్యాంపు గేటులో చెప్పాలి, హెలికాప్టర్ చప్పుడు వినబడితే వెంటనే దించాలి అని మాట తీసుకుని పోయారు. అలాగే చేస్తున్నాను.

ఆ తర్వాత దారాల చివర ఉన్న చేతి పట్టీలు రెండూ తీసేశాను. జానెడు వెదురు కర్ర తీసుకుని రెండు కొసలకి రెండు దారాలు కట్టాను. కాడిలా ఉంటుంది. నడుమ పట్టుకుని మణికట్టు తిప్పితే చాలు, పటం తిరుగుతుంది. కర్ర నుంచి కాకుండా, కుడి దారం నుంచే పొట్టి తాడు ఒకటి నేలలో మేకుకి కట్టాను. గాలి మరీ గుంజితే కర్ర వదిలేయడమే. బరువంతా ఒక్క దారం మీద పడి పటం ముడుచుకుపోతుంది, తడి గుడ్డలా కింద పడుతుంది. అప్పుడు దాని వైపు నడవాల్సిన పని కూడా లేదు.

మంచం మడిలోకి తెచ్చుకుని కూర్చుని కూడా ఎగరేశాను. కోసే చూసి, రాజుగారు మంచమెక్కి గాలిని తోలుతున్నడు, ఇగ హుక్కా ఒక్కటే తక్కువ అన్నది. ముప్పై ఒక్కసార్లు పడింది. ముప్పై రెండోసారి, కుండలో అన్నం ఉడికే అంతసేపు నిలబడింది.

మార్చి నడుమ ఇప్పపువ్వు రాలడం మొదలవుతుంది. అప్పుడిక తెల్లారకముందే పువ్వు ఏరడానికి అడవిలో ఉంటాం. ఈలోపు గాలి బాగుంటుంది. పొద్దున ఎనిమిదికి మొదలై పది దాకా ఒకే తీరుగా వీస్తుంది. మీరు వస్తే బాగుంటుందని రాయాలనుకున్నాను. రాశాను.

పార్వతమ్మ గారికి కోసే దండాలు చెప్పమంది.

మీ చైను మనిషి,
సోడి ఇర్మా.

తా.క. ఉత్తరం మడిచాక, అసలు సంగతి రాసినవా అని కోసే అడిగింది. లేదన్నాను. మరి ఇంతసేపు ఏం రాసినవ్, కోళ్ళ గురించా అని మళ్ళీ విప్పించింది.

ఆ తువ్వాలు నడుము నొప్పికి కాదు సారూ. మూడో రోజు తర్వాత నుంచి కోసే నా ఎడమ చేతిని నడుముకి అదిమి కట్టేస్తోంది. ఒక్క కుడి చేత్తో అది ఎగురుతుందో లేదో చూడాలనిపించింది. కర్ర కట్టేదాకా రెండు పట్టీలూ కుడి చేతిలోనే పట్టుకున్నాను. కర్ర, మేకు, మంచం అన్నీ అందుకే. ఆ ముప్పై రెండుసార్లూ ఒంటి చేత్తోనే. ఎగురుతుంది.

చిన్న జవాను అడిగిన మాట కూడా అదే, చెయ్యి ఎందుకు కట్టుకున్నావని. దోస్తు కోసం అన్నాను. మా సారు కోసం అనాల్సింది. నోటికి అదే వచ్చింది, తప్పయితే మన్నించండి.

పటం తిరిగి పంపడం లేదు. మంచం మడిలోనే ఉంది. ఒంటి చేత్తో కానిది ఒక్కటే, అటు కొసన పటం ఎత్తి పట్టి వదలడం. ఇన్నాళ్ళూ అది కోసే చేసింది. మీరొస్తే అక్కడ నేను నిలబడతాను. చైను పట్టినప్పటిలాగే, మీరు కేకేస్తే వదులుతాను.