ఏనుగు కడుపు కింద

తాండూరు, మార్చి 1957, మంగళవారం

ఊరూరా తిప్పే ఏనుగు ఇవాళ కందుల బజారుకొచ్చింది. మావటి చాయ్‌కి పోగానే, భయం పోతుందని పట్వారీ తన మనవణ్ణి దాని కడుపు కింద దాటించబోయాడు. ఊగుతున్న చెవులు ఒక్కసారిగా ఆగాయి, తొండం ముడుచుకుంది. అడవిలో పదేళ్లు ఏనుగులతో కలప లాగించినవాణ్ణి, అది మీదపడబోయే తీరు అని నాకు తెలుసు. ఆగమని అరిచాను.

"చెవులు సూడు, దేవుడు మన మొర ఇంటున్నడు. గొర్లు కాసేటోనివి, నీకేం ఎర్కరా?" అన్నాడా మహాపండితుడు.

పిల్లాణ్ణి ఇవతలికి లాగేశాను. ఆ తోపులాటలో ఊడిపడ్డ పట్వారీ తలపాగాను ఏనుగు కాలితో నలిపేసింది.

"దేవుని పాదం తాకింది!" అని దాన్నే కళ్లకద్దుకున్నాడు. బజారంతా దండాలు. నా గొర్రెలు నయం.

ఇంటికొస్తే మా ఆవిడ, "మన బిడ్డ గూడ మస్తు భయపడ్తది, రేపు దాటిద్దమా?" అంది. కొబ్బరికాయ కూడా తెచ్చిపెట్టుకుంది.