రైలు ఆగే చోటు

స్టేషన్ మాస్టరు గారికి నమస్కారం.

నా రాత కోడిగీతల్లా ఉంటుంది, తప్పులు కూడా దొర్లుతాయి. ఊరి బడిలో నేర్చుకున్న చదువు, మన్నించాలి.

మా ఇంటావిడ మోకాలికి ఆపరేషన్ అయింది. ప్రతి సోమవారం పొద్దున పాసింజరు రైల్లో ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్తాను. ప్లాట్‌ఫారం చివరి బెంచీ ముందు ఆగే పెట్టెలోనే ఎక్కేవాళ్లం. ఈమధ్య రైలుకు పెట్టెలు తగ్గించారట. ఆ సంగతి మాకు తెలియదు. మొన్న రైలు మమ్మల్ని దాటిపోయి చాలా ముందు ఆగింది. నేను పరుగెత్తి ఎక్కి, ఆవిడకు చెయ్యి అందిద్దామని తలుపు దగ్గర నిలబడ్డాను. ఆవిడ కర్రతో సగం దూరం వచ్చేసరికి రైలు కదిలింది.

తర్వాతి స్టేషన్లో దిగి ఆటోలో వెనక్కి వచ్చాను. ఆవిడ బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఆపరేషన్ నాకా, మీకా? ఒక్కరే వెళ్లి చూపించుకొచ్చారా?" అంది.

పక్కవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఇక ఆసుపత్రికి రానంది. కాలు ఇప్పుడిప్పుడే వంగుతోంది. మానేస్తే బిగుసుకుపోతుందని డాక్టరమ్మ చెప్పారు.

రైలును ఎక్కువసేపు ఆపమని అడగను. పెట్టెలు ఆగే చోట నేల మీద ఒక గీత గీయించి, రైలు వచ్చేముందు మైకులో చెప్పించండి. ఆ బెంచీని కూడా అక్కడికి జరిపిస్తే మేలు.

"ఎక్కడ నిలబడాలో స్టేషన్ మాస్టరు గారిని రాసిమ్మనండి, అప్పుడొస్తాను" అంటోంది మా ఆవిడ. రైలు విషయంలో నా మాట నమ్మడం మానేసింది. కాబట్టి సోమవారంలోపు మీరే రెండు ముక్కలు రాయండి.